గోరంతే కదా అనుకున్నాను

గోళ్ళు బాగు చేయించుకోవడానికి డబ్బులిచ్చి ఒకరి ముందు చేతులు చాపి కూర్చోవడం అనేది నా నలభై మూడో ఏట వరకూ నాకు తెలియదు. మా ఇంట్లో గోళ్ళు తీసుకోవడం అంటే ఆదివారం మధ్యాహ్నం, వాకిట్లో, పాత పేపరు పరుచుకుని. మంగళవారం కూడదు, శుక్రవారం అస్సలు కూడదు, దీపం పెట్టాక గోరు ముట్టుకుంటే అమ్మ ఊరుకునేది కాదు. మిగిలిన రోజుల్లో బడి. కాబట్టి ఆదివారమే. ఆ అలవాటు ఎంతగా ఉండిపోయిందంటే, ఇప్పటికీ శుక్రవారం నాడు గోరు చిట్లితే పంటితో కొరికైనా ఆపుకుంటాను కానీ నెయిల్ కట్టర్ తీయను.

అలాంటిదాన్ని 2022 మాఘంలో మా ఆడపడుచు కూతురి పెళ్ళికి గోళ్ళు పెట్టించుకున్నాను. అవును, పెట్టించుకున్నాను. ఉన్నవాటి మీద ఇంకొకటి అతికించుకోవడం అన్నమాట. మా అమ్మాయి అప్పుడు ఇంటర్. "మమ్మీ, పట్టుచీర కట్టి, నెక్లెస్ పెట్టి, చేతులు చూస్తే పసుపు మరకలు. ఫోటోల్లో అందరూ నవ్వుతారు" అంది. నిజం చెప్పొద్దూ, నాకూ సరదా పుట్టింది. ఎన్నేళ్ళుగా దిల్‌సుఖ్‌నగర్‌లో తిరుగుతున్నాను, గాజుల బండ్లు, చీరల షోరూములు, కోచింగ్ సెంటర్లు, అమ్మాయిల హాస్టళ్ళు, అన్నీ తెలుసు. ఆ హాస్టళ్ళ అమ్మాయిల పుణ్యమా అని మెట్రో దిగి ఏ సందులోకి తిరిగినా గోళ్ళ బోర్డు ఒకటి కనిపిస్తుంది. అందులో ఒకదాంట్లోకి ఇద్దరం వెళ్ళాం.

లోపల ఏసీ, గోడ నిండా రంగుల సీసాలు. ఒకమ్మాయి నా చెయ్యి పట్టుకుని, దంతవైద్యుడి దగ్గర ఉండే మిషన్ లాంటిదొకటి తీసి గోరు పైభాగం అంతా అరగదీసింది. తెల్లటి పొడి రాలుతోంది. "అరగదీయకపోతే జెల్ అంటుకోదు ఆంటీ" అంది. (ఆంటీ అన్నందుకు అప్పుడు నొచ్చుకున్నాను. తర్వాత నొచ్చుకోవడానికి ఇంకా పెద్ద కారణాలు దొరికాయి కాబట్టి దాన్ని మర్చిపోయాను.) రంగు పూసి చెయ్యి దీపం కింద పెట్టమంటే పెట్టాను. ఒక్కసారిగా గోటి కింద నిప్పు పెట్టినట్టు చురుక్కుమంది. చెయ్యి లాగేశాను. "అది మామూలే, ఓర్చుకోండి" అని మళ్ళీ లోపల పెట్టింది. పదిహేను వందలు.

పెళ్ళిలో అందరూ మెచ్చుకున్నారు, అది ఒప్పుకోవాలి. కానీ పిన్నీసు పెట్టుకోలేను. పంక్తిలో కూర్చుంటే పప్పన్నం గోళ్ళ కిందకి పోయింది. ఫోన్ మీద ఒకటి నొక్కితే ఇంకోటి పడుతోంది. ఇంటికొచ్చాక నాలుగు రోజులకే పసుపు పట్టి ఆ లేత గులాబీ రంగు కాస్తా నిమ్మపండు రంగుకి తిరిగింది. మా ఆయన, "వెల్లుల్లి ఒలవడానికి పనికిరాని గోళ్ళు ఎందుకే, వాటికి పదిహేను వందలు" అని ఒకటే నవ్వు.

మూడో వారంలో రెండు గోళ్ళు ఒక పక్క లేచాయి. తీయించుకుందామని అక్కడికే వెళ్ళాను. ఆ రోజు రద్దీ. ఆ అమ్మాయి నిలబడే, పక్క కుర్చీలో ఉన్నామెతో మాట్లాడుతూనే, ఒక సన్నటి పరికరం గోటి కింద దూర్చి పైకి లేపింది. టక్‌మని ఊడింది. ఒక్కొక్కటీ అలాగే. నాకు నొప్పి కంటే ఆ చప్పుడు గుర్తుంది. జెల్‌తో పాటు నా గోటి పొరలు కూడా లేచిపోయాయని ఇంటికొచ్చి నీళ్ళలో చెయ్యి పెట్టాక తెలిసింది. తడిసిన కాగితంలా వంగిపోతున్నాయి. చారు కోసం చింతపండు పిసికితే కళ్ళలో నీళ్ళు. ఆ వేసవిలో ఆవకాయ నేను కలపలేదు, పక్కింటి వదిన వచ్చి కలిపిపెట్టింది. పెళ్ళయ్యాక నా చేత్తో ఆవకాయ కలపని ఏడాది అదొక్కటే.

గోరు నెలకి సుమారు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుందట. అంటే చేతి గోరు మొదలు నుంచి చివరి వరకూ పూర్తిగా కొత్తది రావాలంటే ఆరు నెలలు. కాలి బొటనవేలిదైతే ఏడాది, ఏడాదిన్నర. మనకి కనిపించే గోరు ప్రాణం లేనిదే, చర్మం కింద వేరు దగ్గర తయారై ముందుకు జరుగుతూ వస్తుంది. పైన పాడైన దాన్ని ఏ నూనే బాగు చేయలేదు, అది పెరిగి వెళ్ళిపోవాల్సిందే. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. మార్చిలో ఊడిన గోళ్ళు బతుకమ్మకి తంగేడు పూలు పేర్చే నాటికి ఒక రూపానికి వచ్చాయి.

అంతటితో బుద్ధి రావాల్సింది. రాలేదు. నాకు జరిగింది కదా, నా సరదాకి నేను కట్టిన జరిమానా అనుకున్నాను.

అసలు చెప్పాలనుకున్నది అమ్మ సంగతి.

మాది నకిరేకల్ దగ్గర ఊరు. 2016లో నాన్న పోయాక అమ్మ మా దగ్గరే కొత్తపేటలో ఉంటోంది. పద్దెనిమిదేళ్ళుగా షుగర్. కంటిచూపు పరవాలేదు, మాట ఇంకా గట్టిగానే ఉంది, నడుం మాత్రం వంగదు. కాలి గోళ్ళు తనంతట తాను తీసుకోలేదు. ఊళ్ళో ఉన్నప్పుడు మంగలి తాత వచ్చి ఇంటిల్లిపాదికీ తీసేవాడు. ఇక్కడ ఆ పని నాది. నెలకో ఆదివారం అమ్మ కాలు నా ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. బొటనవేలి గోరు కొబ్బరి చిప్పలా మందంగా, పక్కలకి వంగి ఉండేది. నెయిల్ కట్టర్ నోరు అంత పెద్దగా తెరుచుకోదు. ఒకసారి చిన్నగా చర్మం తెగింది. అప్పటి నుంచి నా చెయ్యి వణికేది. ఇద్దరం ఆ ఆదివారాన్ని వాయిదా వేసుకుంటూ వచ్చేవాళ్ళం.

2023 మే నెల. మదర్స్ డేకి తల్లీకూతుళ్ళకి కలిపి పెడిక్యూర్, సగం ధర అని ఎల్బీనగర్ వైపు ఒక పార్లర్ వాళ్ళు కరపత్రం పంచారు. నా కళ్ళకి అది దేవుడు పంపిన చీటీలా కనిపించింది. తెలిసినవాళ్ళు చేస్తారు, నా వణుకు బాధ తప్పుతుంది, అమ్మకి కాస్త బయటికి వెళ్ళినట్టూ ఉంటుంది. అమ్మ ఒప్పుకోలేదు. "పరాయి పిల్లతోని కాళ్ళు పట్టిచ్చుకునుడేంది బిడ్డా, పాపం గాదా" అంది. బతిమాలి, విసుక్కుని, చివరికి "నా కోసం రా" అని తీసుకెళ్ళాను. ఆ మాట తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

అక్కడ కాళ్ళు పెట్టే తొట్టిలో గులాబీ రేకులు వేశారు. "నీళ్ళు సరిపోయాయా అమ్మమ్మా" అని అడిగితే అమ్మ మంచిగున్నాయ్ అంది. పక్కనే ఉన్న నేను చెయ్యి పెట్టి చూస్తే సెగ. "అమ్మా, ఇంత వేడి ఎలా ఓర్చుకుంటున్నావ్" అన్నాను నవ్వుతూ. నవ్వాను చూడండి. చల్లనీళ్ళు కలిపించి మళ్ళీ నా కుర్చీలో కూర్చున్నాను. ఆ అమ్మాయికి పందొమ్మిది, ఇరవై ఉంటాయేమో. చిన్న ముక్కాలి పీట మీద వంగి కూర్చుని, అంతకుముందు ఎవరికో వాడిన పరికరాన్నే తువ్వాలుకి తుడిచి అందుకుంది. పక్కలకి వంగిన గోరుని లోపలి దాకా తీస్తేనే మళ్ళీ గుచ్చుకోదని మూల లోతుగా కత్తిరించింది. రక్తం వచ్చింది. దూది పెట్టి అదిమి, "చిన్నదే ఆంటీ" అంది. నేను కంగారుగా అమ్మ మొహం చూశాను.

"నాకేం నొస్తలేదు" అంది అమ్మ.

హమ్మయ్య అనుకున్నాను. ఆ క్షణం తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం. నొప్పి లేకపోవడమే జబ్బు అని నాకు తెలియదు.

ఐదో రోజు పొద్దున దుప్పటి మడతపెడుతుంటే కాళ్ళ వైపు పచ్చటి మరక కనిపించింది. అమ్మ చీర అంచు కాళ్ళ మీదకి లాక్కుంది. లాగి చూస్తే బొటనవేలు వాచి, మూల దగ్గర చీము. నాలుగు రోజులుగా ఆమెకి తెలుసు. "నువ్వు బాధపడతవని చెప్పలే" అంది. ఆసుపత్రిలో డాక్టరుగారు ముందు వేలు చూడలేదు. సన్నటి నైలాన్ దారం లాంటిది తీసుకుని, "అమ్మా, కళ్ళు మూసుకోండి, నేను ముట్టుకున్నప్పుడల్లా చెప్పండి" అన్నారు. అరికాలి మీద ఒక్కో చోట తాకిస్తూ వెళ్ళారు. దారం వంగేంత వరకూ నొక్కుతున్నారు, నాకు కనిపిస్తోంది. అమ్మ కళ్ళు మూసుకుని బుద్ధిగా ఎదురుచూస్తోంది. కాసేపటికి అంది కదా, "ముట్టుకుంటనన్నరు గద సారూ, ఇంకా ముట్టుకుంటలేరేంది?"

నేను గోడ వైపు తిరిగాను.

ఎన్నేళ్ళ షుగర్ కాలి నరాలని మెల్లగా మొద్దుబార్చిందన్నమాట. వేడి తెలియదు, ముల్లు తెలియదు, కత్తిరింపు తెలియదు. పైగా పుండు మానడం ఆలస్యం. ఇన్‌ఫెక్షన్ ఎముకకి పాకితే వేలు తీసేయాల్సి రావచ్చు అన్నారు. ఎక్స్‌రే తీశారు. రిపోర్టు చేతికొచ్చేదాకా ఆ కారిడార్‌లో నేను మొక్కని దేవుడు లేడు, కర్మన్‌ఘాట్ హనుమంతుడి దగ్గర నుంచి కొత్తపేట అష్టలక్ష్ముల దాకా. ఎముకకి పాకలేదు. ఆరు వారాలు డ్రెస్సింగు, మందులు. వేలు దక్కింది.

పూణేలో ఉన్న తమ్ముడు ఫోన్‌లో, "షుగర్ మనిషిని బ్యూటీపార్లర్‌కి ఎవరు తీస్కపొమ్మన్నరక్కా నిన్ను?" అన్నాడు. తమ్ముడే కదా అని సరిపెట్టుకోవాలనుకున్నాను కానీ మాట దిగిపోయింది. ఏడేళ్ళుగా ఆ గోళ్ళు ఎవరు తీస్తున్నారో వాడికి తెలియదు. గోరుచుట్టుపై రోకటిపోటు అంటారు చూడండి, ఆ సామెతలో మొదటి సగం కూడా నాకు ఆ నెలలోనే పూర్తిగా అర్థమైంది.

పార్లర్‌కి వెళ్ళి గొడవపడ్డాను. అక్కడి మేనేజరు గొంతు పెంచకుండా, "మీ అమ్మగారికి షుగర్ ఉందని మీరు చెప్పలేదు కదా మేడమ్" అంది. చెప్పలేదు. నిజమే. వాళ్ళూ అడగలేదు. నేను తెచ్చుకున్న మాటలన్నీ అయిపోయాయి. బయటికి వస్తుంటే ఆ పిల్ల మూలన ఇంకెవరి కాళ్ళో తోముతూ తల ఎత్తకుండా కూర్చుంది. దాని మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. రోజంతా ఆ పీట మీద నడుం వంచి కూర్చునే పిల్లకి ఏది చేయకూడదో ఎవరు చెప్పారు?

డాక్టరుగారు చెప్పినవి ఫ్రిజ్ మీద అతికించాను. మీ ఇళ్ళలో షుగర్ ఉన్న పెద్దవాళ్ళుంటే మీకూ పనికొస్తాయి. కాలి గోరు అడ్డంగా, నేరుగా కత్తిరించాలి, మూలలు తవ్వకూడదు. కాళ్ళు నీళ్ళలో నానబెట్టకూడదు. స్నానం నీళ్ళ వేడి కాలితో కాదు, మోచేత్తో చూడాలి, అదీ ఇంట్లో ఇంకొకరు చూస్తే మేలు. కడిగాక వేళ్ళ సందుల్లో తడి లేకుండా తుడవాలి. ఇంట్లో కూడా చెప్పులు. రోజూ రాత్రి అరికాళ్ళు ఒకసారి చూడాలి, వాళ్ళకి నొప్పి తెలియదు కాబట్టి మన కళ్ళే వాళ్ళ నొప్పి. గోళ్ళు మందంగా ఉంటే ఇంట్లో ప్రయోగాలు చేయకుండా పాదాల చికిత్స చేసేవాళ్ళ దగ్గర తీయించాలి. అప్పటి నుంచి రెండు నెలలకోసారి అక్కడే తీయిస్తున్నాం.

వేలు బాగుపడింది కానీ అమ్మ మారిపోయింది. ఎవరైనా వస్తే కాళ్ళు మంచం కిందకి ముడుచుకునేది. కాళ్ళే కాదు, చేతులు కూడా కొంగు కింద పెట్టుకునేది. గోళ్ళు తీస్తానంటే "రేపు సూద్దాం" అనేది. నా ఒళ్ళో కాలు పెట్టడం మానేసింది. నేను అడగడమూ మానేశాను.

2024లో మా అమ్మాయి ఇంజనీరింగ్ రెండో ఏడు. కాలేజీ వార్షికోత్సవానికి జెల్ గోళ్ళు కావాలని కూర్చుంది. నా కథ, అమ్మమ్మ కథ రెండూ చూసిన పిల్లే, అయినా వయసు అలాంటిది. వద్దంటే నాకు చెప్పకుండా హాస్టల్ స్నేహితులతో వెళ్తుంది. సరే, చోటు నేను చూస్తానన్నాను. చైతన్యపురి నుంచి ఎల్బీనగర్ దాకా, మెట్రో స్తంభాల వెంబడి కూరగాయలు బేరం చేసినట్టు వెళ్ళాను. ప్రతి చోటా ఒకే ప్రశ్న: పనిముట్లు ఎలా శుభ్రం చేస్తారు?

ఒకచోట ఆ ప్రశ్న నన్ను ఇంకోసారి అడగమన్నారు, అర్థం కాక. ఒకచోట "అన్నీ బ్రాండెడ్ మేడమ్" అన్నారు. ఇంకోచోట టిఫిన్ బాక్సులాంటి డబ్బా తెరిచి నీలం దీపం చూపించారు. లోపల కత్తెరలు ఒకదాని మీద ఒకటి, వాటి మధ్య ఎవరిదో గోటి ముక్క. నాలుగో చోట గ్లాసులో యాంటీసెప్టిక్ నీళ్ళు, ఆ నీళ్ళ రంగు చూసి నేనే వెనక్కి వచ్చేశాను. మా ఆయన "నువ్వు గోళ్ళకి వెళ్తున్నావా, తనిఖీకి వెళ్తున్నావా" అన్నాడు. ఆయనకేం, మూడు నెలలకోసారి గోళ్ళు తీసుకుని సోఫా పక్కనే పడేస్తాడు.

ఐదోది ఎల్బీనగర్ దగ్గర కాలనీ లోపల, ఒక డాబా ఇంటి కింది గది. రెండే కుర్చీలు. గోళ్ళ బొమ్మలతో బోర్డు కూడా లేదు. పేరు రాయను, రాస్తే ప్రకటన అనుకుంటారు, పైగా నాకు అపాయింట్‌మెంట్ దొరకదు. నడిపే ఆమెకి ముప్పై ఐదు ఉంటాయి. మిర్యాలగూడ వైపు అమ్మాయి. దుబాయ్‌లో ఆరేళ్ళు సెలూన్‌లో చేసి వచ్చిందట. నా ప్రశ్న వినగానే నవ్వి, "మొదటిసారి ఒకరు అడిగారక్కా" అని వెనక నుంచి చిన్న ప్రెషర్ కుక్కర్ లాంటిది చూపించింది. ఆటోక్లేవ్. ఆవిరి ఒత్తిడితో 121 డిగ్రీల్లో పదిహేను, ఇరవై నిమిషాలు. పనిముట్లు కాగితం కవర్లలో సీలు వేసి అందులో పెడుతుంది. వేడి తగిలితే కవరు మీది గుర్తు రంగు మారుతుంది, ఆ కవరు మన ఎదురుగానే చింపాలి. నీలం దీపం గురించి అడిగితే, "వెలుతురు పడ్డంత మేరకే పని చేస్తుందక్కా, కత్తెర మలుపుల్లోకి వెళ్ళదు. అది శుభ్రం చేసినవి పెట్టుకోవడానికి" అంది. ఆకురాయిలాంటి ఫైళ్ళు కడిగినా శుభ్రం కావు కాబట్టి ఎవరిది వాళ్ళకే, కవర్లో పేరు రాసి ఇంటికిచ్చేస్తుంది.

"దుబాయ్‌లో మున్సిపాలిటీ వాళ్ళు ఎప్పుడొచ్చి డ్రాయరు లాగుతారో తెలియదు. భయంతో నేర్చుకున్నా, ఇక్కడ భయం లేకపోయినా చెయ్యి అలవాటు మానలేదు" అంది.

డాలస్‌లో ఉన్న మా పిన్ని కూతురికి ఈ సంగతి చెప్తే, అక్కడ గోళ్ళ షాపులు చాలావరకు వియత్నాం వాళ్ళవేనని చెప్పింది. 1975లో యుద్ధం ముగిశాక కాలిఫోర్నియా శరణార్థి శిబిరానికి వచ్చిన ఓ ఇరవై మంది ఆడవాళ్ళు, తమని చూడడానికి వచ్చిన సినిమా నటి టిప్పీ హెడ్రన్ గోళ్ళు చూసి ముచ్చటపడ్డారట. ఆమె తన గోళ్ళు చేసే మనిషినే పిలిపించి వాళ్ళకి పని నేర్పించింది. అక్కడ మొదలై దేశమంతా పాకింది. దేశం కాని దేశంలో నేర్చుకున్న పనితో ఇల్లు నిలబెట్టుకోవడం మన నల్గొండ, కరీంనగర్ ఆడవాళ్ళకీ కొత్త కాదు కదా అనుకున్నాను.

మా అమ్మాయికి జెల్ వేసింది. దీపం కింద చురుక్కుమంటుందని ముందే చెప్పింది, పల్చగా పూసి, మంట అనిపిస్తే వెంటనే చెయ్యి తీసేయమంది. తీయించుకోవడానికి మళ్ళీ తన దగ్గరకే రావాలని మాట తీసుకుంది. మూడు వారాలకి వెళ్తే పై మెరుపు కాస్త గీకి, అసిటోన్ తడిపిన దూది గోటి మీద పెట్టి, అల్యూమినియం కాగితం చుట్టి పదిహేను నిమిషాలు కూర్చోబెట్టింది. ఆ తర్వాత ఒక చెక్కపుల్లతో తాకితే మీగడ తరకలా వచ్చేసింది. నేను చూస్తూ ఉండిపోయాను. నా ఆరు నెలలకీ ఈ పదిహేను నిమిషాలకీ మధ్య ఉన్నది ఓపికేనా?

నా చేతులు చూసి నాకు జెల్ వేయనంది. "నీళ్ళలో ఎక్కువ ఉంటారు మీరు. రాత్రి పడుకునే ముందు కొబ్బరినూనె రాసుకోండి, గిన్నెలు తోమేటప్పుడు గ్లౌజు వేసుకోండి. అంతే" అంది. గోటి మొదట్లో చర్మం కత్తిరించమంటే అదీ వద్దంది. "అది గుమ్మం తలుపక్కా. తీసేస్తే చీమా దోమా అన్నీ లోపలికే." డబ్బులొచ్చే పనులన్నీ వద్దంటుంటే ఈ షాపు ఎన్నాళ్ళు నడుస్తుందా అని నాకే దిగులేసింది. అప్పుడే అడిగాను, ఆ ఎల్బీనగర్ పిల్ల సంగతి చెప్పి. కాసేపు ఏమీ అనలేదు. "కోర్సుల్లో రంగులు నేర్పుతారు, డిజైన్లు నేర్పుతారు. నేను చేయను అని ఎప్పుడు చెప్పాలో నేర్పరు" అంది.

ఆషాఢం వచ్చింది. మా చిన్నప్పుడు ఆషాఢమంటే మైదాకు. అమ్మ రోట్లో కాస్త చింతపండు వేసి మెత్తగా రుబ్బేది. మా ముగ్గురికీ వేళ్ళకి టోపీల్లా పెట్టి, ఆకులు చుట్టి, పడుకోబెట్టి, రోలు అడుగున మిగిలింది తన ఎడమచేతి గోళ్ళకి పెట్టుకునేది. పొద్దున లేచి ఎవరిది బాగా పండిందో చూపించుకునేవాళ్ళం. ప్రతిసారీ అమ్మదే ఎర్రగా పండేది. నాన్న పోయాక అమ్మ పెట్టుకోలేదు. పెట్టుకోవద్దని ఎవరూ అనలేదు. పెట్టుకోమని కూడా ఎవరూ అనలేదు, నేను కూడా.

ఆ రోజు నా ఫైలు పట్టుకుని బయల్దేరుతుంటే, అమ్మ హాల్లో ఒక్కతే కూర్చుంది. "నువ్వూ రా, ఊరికే కూర్చుందువుగానీ" అన్నాను. "నా కాళ్ళు ముట్టనియ్య" అంది. ముట్టనివ్వను అని ఒట్టేశాను. ఆటోలో తీసుకెళ్ళాను.

ఆమె అమ్మని చూడగానే కుర్చీ చూపించి, మొదటి మాట, "షుగర్ ఉందా అమ్మా?" అంది.

అమ్మ నా వైపు చూసింది. నేనే చెప్పినట్టుంది అనుకుంది. నేను చెప్పలేదు, ఆమె అందరినీ అడుగుతుంది.

"ఉంటే కాళ్ళు నేను చేయనమ్మా. డాక్టరు దగ్గర తీయిస్తున్నారు కదా, అదే మంచిది. రంగు కూడా కాళ్ళకి వద్దు, గోరు కింద నలుపో పసుపో వస్తే కనిపించాలి. చేతులైతే చేస్తా. నీళ్ళు, కత్తెర ఏమీ లేకుండా."

నా కాళ్ళు ముట్టను అన్న మనిషి ముందు అమ్మ కొంగు కింద నుంచి చేతులు బయటికి తీసింది. ఆమె కవరు చింపి కొత్త ఫైలుతో ఒక్కో గోరూ మెల్లగా, ఒకే వైపుకి రాస్తూ గుండ్రంగా తెచ్చింది. నూనె రాసి మణికట్టు దాకా మర్దన చేసింది. అమ్మ ఆమె ఊరు అడిగింది, ఎవరి బిడ్డవని అడిగింది, మిర్యాలగూడలో రైసుమిల్లు దగ్గర తనకి తెలిసినవాళ్ళ ఇల్లు అడిగింది. ఏడాదిగా ఎవరితోనూ అన్ని మాటలు మాట్లాడలేదు.

అయిపోయాక ఆమె మామూలుగా, అందరినీ అడిగినట్టే అడిగింది. "రంగేమన్నా వేయనా అమ్మా?"

అమ్మ నన్ను చూసింది. నేను ఏమనాలో తోచక గోడ మీది సీసాలు చూశాను. ఆ గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. నేను "నీ ఇష్టం" అనేలోపే అమ్మ వేలు పెట్టి చూపించింది. "గది. మైదాకు పండినట్టుండే గది."

అలాంటి రంగు సీసా ఒక్కటీ లేదు. నారింజ ఒకటి, ముదురు ఎరుపు ఒకటి తీసి, ఒక గాజు పలక మీద రెండూ కలిపి, కాగితం మీద రాసి చూపించింది. అమ్మ తల అడ్డంగా ఊపింది. ఇంకాస్త ఎరుపు. మళ్ళీ ఊపింది. నాలుగోసారికి, "ఆఁ, గిది" అంది. పదిహేను రోజులకి తీసేయాలని, ఆసుపత్రికి వెళ్ళాల్సి వస్తే వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూస్తారు కాబట్టి ముందు రోజే తుడిచేయాలని నాకు చెప్తూనే పూసింది. కుడిచేతికి పూయబోతే అమ్మ వెనక్కి తీసుకుంది. ఎడమచేతికే చాలట.

ఇంటికొచ్చాక నేను వంటింట్లో ఉన్నాను. తమ్ముడి వీడియో కాల్ వచ్చినట్టుంది. "అమ్మా, మొఖం కనిపిస్తలేదు, కెమెరాకి చెయ్యి అడ్డం పెట్టినవ్, తీయ్" అని వాడి అరుపు.

"అడ్డం పెట్టుడు గాదురా," అంటోంది అమ్మ, "సూడు."